లాబ్‌లో మాయమైన రీడింగులు

రెండువేల దశకం చివరి సంవత్సరాల్లో నేను బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కనున్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేశాను. తలుపు మీద కంప్యూటర్ సెక్షన్ అని రాసి ఉండేది కానీ ఆ సెక్షన్‌లో ఉన్నది నేనొక్కదాన్నే. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, సర్వర్ మొరాయించినా నన్నే పిలిచేవాళ్ళు. చిత్తూరులో కాపురం. పొద్దున ఏడున్నర బస్సుకు పోయి సాయంత్రం చీకటి పడేలోపు ఇల్లు చేరేదాన్ని.

అదే బస్సులో లాబ్ అక్క వచ్చేది. గుజ్జు పరీక్ష చేసే లాబ్‌కు ఆమె పెద్ద. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. కెమిస్ట్రీతో బీఎస్సీ చదివి, ఆ ఫ్యాక్టరీ కట్టిన ఏడాదే చేరిందట. నేను కొత్తగా చేరినప్పుడు హ్యాండ్‌బ్యాగ్ పెట్టి నాకు సీటు పట్టింది ఆమే. మరుసటి ఏడు నేను కడుపుతో ఉన్నప్పుడు ఉడికే గుజ్జు వాసన పడక రోజూ వాంతులయ్యేవి. ఎవరికీ చెప్పకుండా నన్ను లాబ్‌లో ఏసీ దగ్గర కూర్చోబెట్టి, నిమ్మకాయ కోసి చేతిలో పెట్టి, ఎవరైనా అడిగితే లాబ్ కంప్యూటర్ చెడిపోయింది, బాగుచేస్తా ఉందని చెప్పేది. నా కోసం ఆమె అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కటే. తన కోసం చెప్పుకోగా ఎప్పుడూ వినలేదు.

సీజన్‌లో ఆమె పని గంటగంటకూ ఉండేది. లైను మీద పారే గుజ్జును చిన్న గిన్నెలో పట్టుకొచ్చి తీపి ఎంత, పులుపు ఎంత అని కొలవాలి. ఆ అంకెల్ని మేం రీడింగులు అనేవాళ్ళం. ఏ లాటుకు, అంటే ఒక విడతగా తీసిన గుజ్జుకు, ఏ గంటలో ఎంత రీడింగ్ వచ్చిందో రాసి పెట్టాలి. విదేశాలకు కొనుక్కుపోయేవాళ్ళు మొట్టమొదట అడిగేది అదే. ఆమె దగ్గర పొడుగాటి రిజిస్టర్ ఉండేది. అందులో గుండ్రటి అక్షరాలతో రాసి, లాటు మారినప్పుడల్లా స్కేలు పెట్టి ఎర్రగీత కొట్టేది. రాసినదాన్ని మళ్ళీ కంప్యూటర్‌లో కొట్టేది. ఆ ప్రోగ్రాం తిరుపతికి చెందిన ఒకాయన ఎప్పుడో రాసిచ్చిన పాతది. లాబ్ రీడింగులూ, డ్రమ్ములు నింపే సెక్షన్ వివరాలూ అన్నీ సర్వర్‌లో ఒకే ఫైలులోకి చేరేవి. ఎవరి కంప్యూటర్ నుంచి వాళ్ళు ఆ ఫైలు తెరిచి కొట్టుకునేవాళ్ళు.

ఒక ఏడు సీజన్‌కు ముందు పాత సర్వర్ కాలిపోయింది. కొత్తది కొన్నారు. దాంతోపాటు లాబ్‌కూ, డ్రమ్ముల సెక్షన్‌కూ కొత్త కంప్యూటర్లు వచ్చాయి. అన్నీ నేనే బిగించాను. బయటినుంచి ఎవర్నీ పిలవకుండా మూడు రోజుల్లో పని ముగించినందుకు ఫ్యాక్టరీ మేనేజర్ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. ఆ ఊపులోనే ఆయన ఇంకో మాట అన్నాడు, ఇకమీదట కాగితాలు వద్దు, చూడ్డానికి వచ్చేవాళ్ళకు అంతా కంప్యూటర్‌లో ఉందని చెప్పుకుంటే గొప్పగా ఉంటుందని. ఆ మాట లాబ్‌కు చేర్చే పని నాకు అప్పగించాడు.

అక్క ఒప్పుకోలేదు. రాసుకుంటేనే తనకు నమ్మకమంది. రెండుసార్లు రాయడం వల్లే తప్పులు దొర్లుతాయని నేను వాదించాను. నిజానికి ఆమె కొట్టినదాంట్లో తప్పు నేనెన్నడూ చూడలేదు. నా సెక్షన్ మాట చెల్లాలన్న పట్టుదల నాది.

"నేను రాసింది నేను రాసిన సోటే ఉంటాది పాపా. నీ పెట్టెలోది నాకు తెలీదు," అందామె.

"పెట్టె బాధ్యత నాది అక్కా," అన్నాను.

ఆ మాట నమ్మి ఆమె రిజిస్టర్ ఇచ్చేసింది. దాన్ని నేనే తీసుకెళ్ళి స్టోర్ రూములో పెట్టాను.

ఆ ఏడు తోతాపురి విరగకాసింది. హైవే మీద ట్రాక్టర్లు పూతలపట్టు వైపు నుంచీ, పలమనేరు వైపు నుంచీ వచ్చి మా గేటు ముందు మైలు పొడవున నిలబడేవి. లైను ఆగకుండా నడిచింది. సీజన్ చివర్లో విదేశీ కొనుగోలుదారుల తరఫున ఇద్దరు తనిఖీకి వచ్చి ఒక లాటు రీడింగులు చూపించమన్నారు. మేనేజర్ ధీమాగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. పదకొండు గంటల రీడింగ్ ఉంది. పన్నెండుది లేదు. ఒంటిగంటది లేదు. ఇంకో లాటు చూశారు, అందులోనూ అక్కడక్కడా ఖాళీలు. వచ్చినవాళ్ళు మొహాలు చూసుకుని, ఆ రెండు లాట్లూ తమకు వద్దని చెప్పి వెళ్ళిపోయారు.

మేనేజర్ అక్కను పిలిపించాడు. తను ఒక్క గంట కూడా తప్పలేదనీ, ప్రతి రీడింగూ కొట్టాననీ ఆమె చెప్పింది. ఆ నెలలో కూతురి పదో తరగతి ట్యూషన్ కోసం నాలుగైదు రోజులు అరగంట ముందు పోయిన సంగతి ఆయన బయటికి తీశాడు. ఆ ఖాళీలు మధ్యాహ్నానివి, ఆమె పోయింది సాయంత్రం అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

తర్వాత నన్ను పిలిచి, లోపం మిషనుదా మనిషిదా తేల్చి రాసివ్వమన్నాడు. నేను ఒక రోజంతా చూశాను. సర్వర్‌లో ఎక్కడా ఎర్రర్ లేదు. డిస్కు బాగుంది. కేబుళ్ళు బాగున్నాయి. రోజూ సాయంత్రం తీసిన బ్యాకప్పులు తెరిచి చూస్తే వాటిలో కూడా ఆ రీడింగులు లేవు. ఒకసారి కొట్టి ఉంటే ఆ సాయంత్రం బ్యాకప్‌లోనైనా ఉండాలి కదా అనుకున్నాను. కొత్త సర్వర్ బిగించింది నేను. అది తప్పు చేస్తుందని నేను అనుకోలేకపోయాను, అనుకోవడం ఇష్టం లేకపోయింది కూడా.

కాగితం మీద రెండు వాక్యాలు రాశాను. సర్వర్‌లో గానీ నెట్‌వర్క్‌లో గానీ లోపం కనబడలేదు. సదరు రీడింగులు ఎంటర్ చేయబడలేదు. మొదటి వాక్యం నాకు తెలిసినంతలో నిజమే. రెండోది నాకు తెలియదు. లాబ్‌లో ఆ సమయానికి నేను లేను, ఆమె వేళ్ళు నేను చూడలేదు. అయినా రాసి సంతకం పెట్టాను.

మూడో రోజు అక్కను రేపట్నుంచి రావద్దన్నారు. తన టిఫిన్ డబ్బా, తెల్లకోటు సంచిలో పెట్టుకుని నా గది తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నువ్వే రాసినావా పాపా, నేను కొట్లేదని?"

బ్యాకప్‌లో కూడా లేవక్కా అని ఏదో చెప్పబోయాను. ఆమె పూర్తిగా వినకుండానే వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం బస్సులో ఆమె నాకు రెండు వరుసల ముందు కూర్చుంది. చిత్తూరు వచ్చేదాకా తల తిప్పలేదు. నేను కూడా లేచి వెళ్ళి పలకరించలేదు. ఇంటి పనులూ, కూతురి చదువూ, అలసట, వీటి మధ్య ఆమె ఎక్కడో రెండు మూడు రీడింగులు ఎగ్గొట్టే ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటే నాకు అన్నం సహించేది.

మరుసటి సీజన్ మొదలైంది. లాబ్‌కు తిరుపతి నుంచి కొత్తమ్మాయి వచ్చింది. రెండో వారంలోనే ఆమె భయపడుతూ నా దగ్గరికి వచ్చింది. తను కొట్టిన రీడింగ్ కనబడటం లేదంది. నేను వెళ్ళి ఆ అమ్మాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. నా కళ్ళ ముందే కొట్టింది, సేవ్ చేసింది, తెరమీద వరుస కనబడింది. కాసేపటికి మళ్ళీ తెరిస్తే ఆ వరుస లేదు. దాని చోట డ్రమ్ముల సెక్షన్ వాళ్ళ వరుస ఉంది. కొత్తమ్మాయి ఏం చేయమంటారు మేడమ్ అని అడుగుతూ ఉంది. నాకు లాబ్ అక్క తప్ప ఇంకేమీ తోచలేదు.

ప్రోగ్రాం రాసిన తిరుపతి ఆయనకు ఫోను చేశాను. ఆయన అప్పటికి ఆ పని మానేసి ఏదో కాలేజీలో పాఠాలు చెప్తున్నాడు. ఓపిగ్గా విని, సర్వర్ ఎప్పుడు మార్చారని అడిగాడు. లాబ్ కంప్యూటర్ కూడా కొత్తదేనా అన్నాడు. అవునన్నాను.

"అయితే అదేనమ్మా. కొత్త మిషన్లు రెండూ ఫైళ్ళు పంచుకునే భాష తాలూకు రెండో వెర్షన్‌లో మాట్లాడుకుంటాయి. నా ప్రోగ్రాం ఒకటో వెర్షన్ నాటిది. దానికి ఈ కొత్త పద్ధతి పడదు," అన్నాడు.

ఆయన వివరించింది నాకు అర్థమైనంతలో ఇది. పాత వెర్షన్‌లో లాబ్ కంప్యూటర్ కొత్త వరుస రాసే ముందు ఫైలు ఎంతవరకు నిండిందో ప్రతిసారీ సర్వర్‌ను అడుగుతుంది. రెండో వెర్షన్‌లో వేగం కోసం, ఒకసారి అడిగిన జవాబును కొన్ని సెకన్లు తన దగ్గరే దాచుకుని దాన్నే వాడుతుంది. ఆ కొన్ని సెకన్లలో డ్రమ్ముల సెక్షన్ వాళ్ళు కూడా కొడితే ఇద్దరూ ఒకే ఖాళీ అనుకుని ఒకే చోట రాస్తారు. వెనక రాసినవాళ్ళది మిగులుతుంది. ముందు రాసినవాళ్ళది జాడ లేకుండా పోతుంది. బ్యాకప్ తీసే సమయానికి అది ఎప్పుడో పోయి ఉంటుంది. లైను తీరిక లేకుండా నడిచే మధ్యాహ్నాల్లోనే ఇది జరుగుతుంది.

సర్వర్ ఏ వెర్షన్‌లో ఉందో ఎక్కడ చూడాలో ఆయన ఫోనులో ఒక్కొక్క అక్షరమే చెప్పాడు, నేను రాసుకున్నాను. సర్వర్ లోపలి అమరికలుండే రిజిస్ట్రీలో వెతికితే రెండో వెర్షన్ పేరుతో ఎంట్రీ ఏదీ లేదు. లేకపోతే అది పనిచేస్తున్నట్టే లెక్కట. దాన్ని ఆపాలంటే ఆ పేరుతో ఒక ఎంట్రీ చేసి సున్నా పెట్టి సర్వర్‌ను మళ్ళీ స్టార్ట్ చేయాలి. అంతే పని.

ఆదివారం మధ్యాహ్నం బాయిలర్ కడగడానికి లైను ఆపినప్పుడు ఆ పని చేశాను. మొదట రిజిస్ట్రీకి నకలు తీసుకున్నాను. సున్నా పెట్టి, సర్వర్ ఆపి లేపాను. నెట్‌వర్క్‌లో పోయే మాటల్ని చూపించే ఒక ప్రోగ్రాంతో చూస్తే, అంతకుముందు ఆ భాష పేరు చివర కనబడిన రెండు అంకె పోయింది. లాబ్ కంప్యూటర్ దగ్గర కొత్తమ్మాయిని, డ్రమ్ముల సెక్షన్‌లో ఇంకొకర్ని కూర్చోబెట్టి, ఇద్దర్నీ ఒకేసారి ఏవో అంకెలు కొడుతూ పొమ్మన్నాను. అరగంట కొట్టారు. ఒక్క వరుస కూడా పోలేదు.

అక్కడితో ఆపవచ్చు. నాకు ఆగబుద్ధి కాలేదు. ఎంట్రీ తీసేసి, రెండో వెర్షన్‌ను మళ్ళీ తెచ్చి, అదే పని మళ్ళీ చేయించాను. ఈసారి వరుసలు లెక్కపెడితే లాబ్ వాళ్ళవి మూడు తగ్గాయి. ఆ అమ్మాయి, నేను కొట్టాను మేడమ్, నిజంగా కొట్టాను అంది. నాకు తెలుసమ్మా అన్నాను. ఆ మాట ఏడాది ముందు ఒకరికి చెప్పాల్సింది. మళ్ళీ సున్నా పెట్టి సర్వర్ లేపి ఇంటికి వచ్చేశాను.

సోమవారం మేనేజర్‌కు అంతా చెప్పాను. అక్కది తప్పు లేదనీ, ఆమెను పిలిపించమనీ, కనీసం తప్పు మిషనుదని ఫ్యాక్టరీ తరఫున ఒక లెటర్ ఇమ్మనీ అడిగాను. ఆయన కోపగించుకోలేదు. తలుపు వేసి రమ్మన్నాడు.

"సరిపోయింది కదమ్మా ఇప్పుడు. ఇంగ దాన్ని ఎందుకు తవ్వుతావు? మన రికార్డులే తప్పు అని మనమే రాసిస్తే, పోయినేడు పంపిన సరుకంతా తిరిగొస్తాది. ఇంతమంది ఈడ బతకతా ఉండారు." తర్వాత ఆ సర్వర్ బిగించింది ఎవరని అడిగాడు. జవాబు ఆయనకు తెలుసు. నేను లేచి వచ్చేశాను.

ఆ తర్వాత నెలన్నర ఏమీ చేయలేదు. అప్పుడు మా ఆయనకు పని లేదు, పాప చిన్నది. ఈ రెండూ నిజాలే. కానీ చిత్తూరులో అక్క ఇల్లు మా ఇంటికి పది నిమిషాల నడక. ఆ నెలన్నరలో ఆ వీధి తప్పించుకుని చుట్టూ తిరిగి బస్టాండుకు పోయేదాన్ని.

చివరికి ఒక సెలవురోజు వెళ్ళాను. ఆమె వాకిట్లో కూర్చుని స్కూలు పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉంది. ఆ హైవే పొడవునా ఉన్న గుజ్జు ఫ్యాక్టరీల వాళ్ళందరికీ ఒకరికొకరు తెలుసు. రీడింగులు ఎగ్గొట్టిన మనిషి అన్న మాట ఆమె కంటే ముందే అన్నిచోట్లకూ పోయింది. ఎవరూ తీసుకోకపోతే ఒక ప్రైవేటు స్కూల్లో చేరింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. మెట్టు మీద కూర్చుని వెర్షన్ల సంగతి అంతా చెప్పాను. మూడు వరుసలు పోవడం నా కళ్ళతో చూశానని చెప్పాను. నా రాతే తప్పని చెప్పాను. మధ్యలో ఏడ్చాను.

ఆమె పేపరు దిద్దడం ఆపలేదు. నేను ముగించాక అంది, "నేను కొట్నానని నాకు ఆ పొద్దే తెలుసు కదా పాపా. నువ్విప్పుడు కనిపెట్టినేది నీకు కొత్త. నాకేం కొత్త?"

ఆమె కట్టలోంచి ఇంకో పేపరు తీసుకుంది.

"ఏడిసి ఏం లాభం. అదేందో రాసియ్యి. బంగారుపాళ్యం దాటినాక ఇంకొక కంపెనీలో లాబ్‌కు మనిషి కావాలంట. సూపిస్తాను."

కూతురి నోటుబుక్కులో కాగితం చింపి ఇచ్చింది. లోపం సర్వర్‌దేననీ, రీడింగులు ఎంటర్ చేయలేదని నేను రాసింది తప్పనీ రాసి సంతకం పెట్టాను. ఫ్యాక్టరీ సీలు లేదా అని అడిగింది. లేదక్కా అన్నాను. ఆమె కాగితాన్ని మడిచి పేపర్ల కట్ట కింద పెట్టింది. టీ తాగుతావా అని అడగలేదు. అడుగుతుందని ఎందుకో అనుకున్నాను.

రెండు వారాలకు మేనేజర్ నన్ను పిలిచాడు. ఆ ఇంకో ఫ్యాక్టరీ వాళ్ళు ఆయనకు ఫోను చేశారట. ఆ కాగితం నువ్వే రాశావా అని అడిగాడు. ఫోను రిసీవర్ ఆయన చేతిలోనే ఉంది, అవతల మనిషి లైనులో ఉన్నాడు. నేను రాశానన్నాను. అది ఫ్యాక్టరీ మాటా, నీ సొంత మాటా అన్నాడు. నా వైపే చూస్తున్నాడు. నేను చెప్పాల్సింది ఫ్యాక్టరీ సర్వర్‌లో నేను చేసి చూసిన పరీక్ష గురించి. మూడు వరుసల గురించి. ఫోను ఇమ్మని అడిగి ఉంటే ఇచ్చేవాడో లేదో తెలియదు, నేను అడగలేదు.

"సొంతంగా రాసిచ్చాను సార్. ఆమె కష్టంలో ఉందని," అన్నాను.

ఆయన ఆ మాటనే రిసీవర్‌లో చెప్పాడు. జాలిపడి రాసిచ్చిందంట సార్, మా అమ్మాయి కొంచెం మెత్తని మనిషి అన్నాడు. నవ్వుతూ అన్నాడు.

అక్కకు ఆ ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు కానీ తెలిసింది. ఒకరోజు ఆఫీసు ఫోనుకు చేసింది. గొంతు పెంచలేదు.

"మొదటిసారి నీకు తెలీక రాసినావు. దాన్ని నేను మనసులో తీసేసినాను. ఈసారి తెలిసే సెప్పినావు కదా పాపా," అంది. నేను అక్కా అనేలోపు పెట్టేసింది.

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. స్కూల్లోనే ఉండిపోయిందని విన్నాను. సైన్సు బాగా చెప్తుందనీ, పిల్లలు ఆమెకు భయపడతారనీ మా పక్కింటివాళ్ళ అబ్బాయి చెప్పేవాడు. నేను ఇంకో సీజన్ అక్కడే పనిచేశాను. ఫ్యాక్టరీ వాళ్ళు నన్ను బాగానే చూశారు. అది ఇంకా కష్టంగా ఉండేది.

మానేసేటప్పుడు నా చోటికి వచ్చిన అతనికి అన్నీ అప్పగించాను. అతను తెలివైనవాడు. రిజిస్ట్రీలో ఆ సున్నా చూసి, రెండో వెర్షన్ ఎందుకు ఆపారు మేడమ్, పాతది బలహీనం కదా, వైరస్సులకు దారి ఇచ్చినట్టే కదా అన్నాడు. అతను అన్నది నిజమే. ఆ పాత ప్రోగ్రాం ఉన్నంతవరకు దాన్ని ముట్టుకోవద్దనీ, ముట్టుకుంటే రీడింగులు మాయమవుతాయనీ చెప్పాను. అలా ఎప్పుడైనా జరిగిందా అని అడిగాడు. ఒకసారి జరిగిందన్నాను. ఎవరికీ ఇబ్బంది కాలేదు కదా అన్నాడు. పాస్‌వర్డుల కాగితం అతనికి ఇచ్చి, సంతకం పెట్టమని అప్పగింతల పుస్తకం ముందుకు జరిపాను.